పాట ఎవరిది, ట్రాక్ ఎవరిది? తాత క్యాసెట్ల పెట్టె నేర్పిన చరిత్ర

సామల్పట్టిలో మా ఇంటి అటక మీద ఒక రేకుపెట్టె ఉంది. దాంట్లో తాత వదిలిపోయిన క్యాసెట్లు ఇరవై మూడు. కొన్నిటికి బూజు పట్టింది, రెండింట్లో టేపు తెగింది. మిగతావి ఇంకా పాడతాయి. ప్రతి క్యాసెట్ మొదట్లో తాత గొంతు సవరించుకొని "సామల్పట్టి, శ్రీరామనవమి, 1984" అన్నట్టు ఊరూ పండుగా ఏడూ చెప్తాడు. ఆ తరువాతే హార్మోనియం పలుకుతుంది. తాత గొంతు మాకు మిగిలింది ఆ పెట్టెలోనే.

పోయిన ఏడాది అవ్వకు ఎనభై నిండినాయని చుట్టాలందరం ఇంట్లో కూడినాము. సాయంత్రం చిన్నాయన ఫోనులో ట్రాక్ పెట్టి, స్పీకరుకు తగిలించి, "గుండమ్మ కథ"లోని ఒక ఘంటసాల పాట పాడినాడు. ఆ సినిమా వచ్చిన 1962లోనే అవ్వ ఈ ఇంటికి కాపురానికి వచ్చింది. పాట వింటా అవ్వ కొంగు కళ్లకు ఒత్తుకుంది. రాలేకపోయిన వాళ్లు చూస్తారని పిల్లలు ఆ వీడియోను రాత్రికే నలుగురికీ కనబడేటట్టు పెట్టేసినారు. తెల్లారి చూస్తే బొమ్మ ఉంది, శబ్దం లేదు. ఇందులోని ధ్వని వేరొకరి సొత్తు అని కింద ఒక వాక్యం.

చిన్నాయనకు కోపం వచ్చింది. "పాడింది నేను. గొంతు నాది. ఇల్లు మనది. వేరేవాళ్లది ఎట్లయితుందిరా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు అప్పుడు మా దగ్గర జవాబు లేదు. తాత క్యాసెట్లను కూడా కంప్యూటరులోకి ఎక్కించి అందరికీ పంచాలని అప్పటికే అనుకొని ఉన్నాము. చిన్నాయన పాటకే ఇట్లయితే తాత పాటల గతేమిటి? మేము వకీళ్లం కాము. అయినా చట్టం పుస్తకమూ పాటల చరిత్రా ముందరేసుకొని కొన్ని నెలలు కూర్చున్నాము. తెలిసింది ఇక్కడ రాసిపెడుతున్నాము. ఇట్లాంటి పెట్టె మీ అటక మీదా ఉండొచ్చు.

హార్మోనియం నుంచి పెన్‌డ్రైవ్ దాకా

జోలార్‌పేట నుంచి సేలం పోయే రైలుదారిలో మాది చిన్న స్టేషను. చుట్టూ తమిళం, ఇంట్లో తెలుగు. 1965 దాకా సేలం జిల్లా, ఆ తరువాత ధర్మపురి జిల్లా, 2004 నుంచి కృష్ణగిరి జిల్లా. జిల్లా పేరు మారుతా వచ్చినా రామాలయంలో శనివారం భజన మారలేదు. తాత కాలంలో ఆ భజనకు కావలసింది ఒక హార్మోనియం, ఒక డోలు, రెండు జతల తాళాలు, పది గొంతులు. అన్నీ అక్కడికక్కడ మనుషులు వాయించేవే, మనుషులు పాడేవే.

వాయిద్యాలను ముందే రికార్డు చేసిపెట్టి, పాడేవాడి చోటు ఖాళీగా వదిలే పద్ధతి మన దగ్గర పుట్టింది కాదు. 1950లో న్యూయార్కులో "మ్యూజిక్ మైనస్ వన్" అనే కంపెనీ అట్లాంటి రికార్డులు మొదలుపెట్టింది. ఒక వాయిద్యం తప్ప మిగతావన్నీ వినిపిస్తాయి, ఆ ఒక్కటీ ఇంట్లో కూర్చున్నవాడు వాయించుకోవాలి. మన పాటగాళ్లు ఈనాటికీ "మైనస్ వన్ ట్రాక్" అంటారు. 1971లో జపానులోని కోబె పట్టణంలో డైసుకే ఇనోవే అనే వాయిద్యగాడు నాణెం వేస్తే పాటకు సంగీతం పలికే పెట్టె తయారు చేసినాడు. కరోకే అన్న మాట ఆ దేశానిదే. దానికి ఆయన పేటెంటు తీసుకోలేదు. యంత్రం మీద హక్కు ఆయన అడగలేదు గాని, యంత్రంలో మోగే పాట మీద హక్కు ఎప్పుడూ ఎవరిదో ఒకరిదే.

మా ఊరికి ట్రాకు క్యాసెట్టుగా వచ్చింది, తరువాత సీడీగా, పెన్‌డ్రైవ్‌గా. ఇప్పుడు ఫోనులోనే ఉంది. హార్మోనియం వాయించే మామ పోయినాక భజనలోనూ ట్రాకే దిక్కయింది. తాత చివరి నాలుగు క్యాసెట్లలో వినిపించేదీ ట్రాకు మీది పాటే. అంటే మా పెట్టెలో రెండు కాలాలు ఉన్నాయి. మనిషి వాయించిన కాలం, యంత్రం వాయించిన కాలం. చట్టం దృష్టిలో ఈ రెండూ ఒకటి కావు.

ఒక పాటలో నాలుగు పొరలు

మనం పాట అని ఒక్క మాటగా అనేదాన్ని మన దేశపు 1957 నాటి కాపీరైట్ చట్టం విడదీసి చూస్తుంది. మాటలు సాహిత్య రచన. వరుస సంగీత రచన. చట్టంలో సంగీతం అనే మాటకు ఇచ్చిన అర్థంలో పాడే మాటలు చేరవు. ఈ రెండింటినీ పలికించి పట్టుకున్న రికార్డింగు మూడోది. పాడినవాళ్లకు తమ పాటకచేరీ మీద ఉండే హక్కు నాలుగోది, ఇది 1994 సవరణతో చట్టంలోకి వచ్చింది.

ఈ నాలుగింటికీ నాలుగు గడువులు. మాటలకూ వరుసకూ రాసినవారు, కట్టినవారు బతికినంత కాలమూ, పోయిన మరుసటి ఏడాది నుంచి ఇంకో 60 ఏళ్లూ. రికార్డింగుకు అది వెలువడిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. పాడినవారి హక్కుకు 50 ఏళ్లు. ఈ 60 లెక్క మొదట 50గానే ఉండేది. 1941లో పోయిన రవీంద్రనాథ్ ఠాగూరు రచనల గడువు 1991తో ముగిసిపోతుందని గొడవయినాక, 1992లో అందరికీ 60 చేసినారు.

చిన్నాయన పాటకు ఈ లెక్క వేసి చూద్దాము. "గుండమ్మ కథ" 1962లో వచ్చింది. అప్పటి రికార్డింగు గడువు 2022 చివరతో తీరింది. అంటే ఘంటసాల పాడిన ఆ పాత రికార్డు ఇప్పుడు ఎవరైనా వాడుకోవచ్చా? ఆగండి. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయినారు. ఆ మాటల గడువు 2031 చివరిదాకా ఉంది. వరుస కట్టిన ఘంటసాల 1974లో పోయినారు, దాని గడువు 2034 చివరిదాకా. పాత రికార్డు తలుపు తెరుచుకుంది గాని, లోపల ఉండే పాటకు తాళం ఇంకా తీయలేదు.

దీని మీద ట్రాకు వచ్చి కూర్చుంది. చిన్నాయన వాడిన ట్రాకు ఈమధ్య ఎవరో కీబోర్డు మీద కొత్తగా వాయించి తయారు చేసింది. అది కొత్త రికార్డింగు, దాని 60 ఏళ్లు ఇప్పుడే మొదలైనాయి. మా వీడియోలో యంత్రం పట్టుకున్నది ఈ పొరనే. చిన్నాయన గొంతును అది పట్టించుకోలేదు. ట్రాకులోని ధ్వనికి ముందే తీసిపెట్టుకున్న గుర్తుతో మా వీడియోలోని ధ్వనిని సరిచూసి, రెండూ ఒకటే అనింది. వేలిముద్ర చూసినట్టే. దానికి అవ్వ కన్నీళ్లు కనబడవు, ఇది ఇల్లా కచేరీనా అన్నదీ తెలియదు.

ఈమధ్య ఇంకొక పద్ధతి వచ్చింది. సినిమా పాటలోంచి గొంతును కంప్యూటరుతో తీసేసి ట్రాకు చేస్తున్నారు. గొంతు పోయింది కదా, ఇంక అది వేరే వస్తువు అని కొందరి నమ్మకం. కాదు. గొంతు తీసినా మిగిలిన వాయిద్యాలు అదే రికార్డింగులోవి. ఇంటికి పైకప్పు విప్పేసినంత మాత్రాన ఇల్లు మనదైపోదు.

గాయకునికే నోటీసు వచ్చిన రోజు

పాడినవాడికి పాట మీద హక్కు లేదా అన్న చిన్నాయన ప్రశ్నను దేశమంతా ఒకసారి అడిగింది. 2017 మార్చిలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తన యాభై ఏళ్ల పాట పండుగగా అమెరికాలో కచేరీలు చేస్తా ఉండగా, ఇళయరాజా తరఫు వకీలు నోటీసు వచ్చిందని ఆయనే వెల్లడించినారు. ఇళయరాజా సంగీతం చేసిన పాటలు ఆయన అనుమతి లేకుండా కచేరీల్లో పాడకూడదని అందులోని సారాంశం. ఆయన కొడుకు చరణ్‌కూ, గాయని చిత్రకూ కూడా నోటీసులు అందినాయి. బాలు కోర్టుకెక్కలేదు. మిగతా సంగీత దర్శకుల పాటలు పాడుకుంటామని చెప్పి కచేరీలు సాగించినారు.

బాలు మనలాంటి తెలుగువాడే. ఇప్పటి తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలోని కోనేటమ్మపేటలో పుట్టినారు. తండ్రి సాంబమూర్తి హరికథ చెప్పేవారు. హరికథ మన పాత లోకం. అక్కడ పాట ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి పోతుంది, లెక్కలు రాసేవాళ్లు ఉండరు. సినిమా పాట ఇంకొక లోకం. అక్కడ ప్రతి పొరకూ ఒక కాగితం ఉంటుంది. ఆ రెండు లోకాలూ ఢీకొన్న రోజు అది. ఆ పొద్దు ఇంట్లో మేమందరం బాలు పక్షమే. పాత కాగితాలు చదివినాక రెండోవైపు కూడా కనబడింది.

1977లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. సినిమా కోసం డబ్బిచ్చి రాయించుకున్న మాటలకూ, కట్టించుకున్న వరుసకూ, వేరే ఒప్పందం లేకపోతే నిర్మాతే మొదటి హక్కుదారు అని దాని సారం. అంటే పాట రాసినవాళ్లూ సంగీతం కట్టినవాళ్లూ పాట రేడియోలో రోజూ మోగినా చేతులు ముడుచుకొని వినవలసిందే. ఆ తీర్పులోనే జస్టిస్ కృష్ణయ్యర్ గాయకుల సంగతి చట్టం మరిచిపోయిందని విడిగా రాసినారు. ఈ అన్యాయం కొంతైనా సరయింది 2012 సవరణతో. సినిమా హాలు బయట ఆ పాటతో వచ్చే రాయల్టీలో రాసినవారికీ కట్టినవారికీ సమానమైన వాటా ఉండాలనీ, ఆ వాటాను వాళ్లే రాసిచ్చినా చెల్లదనీ చట్టం చెప్పింది. ఇంటి పాటకు ఇంత లెక్కా అని విసుక్కునేటప్పుడు ఈ చరిత్ర గుర్తు పెట్టుకోవాలి. లెక్క అడిగేది ఎప్పుడూ పెద్ద కంపెనీయే కాదు, పాట రాసి పేదగా పోయినవాడి పిల్లలు కూడా కావచ్చు.

త్యాగయ్య అందరివాడు, అన్నమయ్య సగం

మా పెట్టెలో ఎక్కువ క్యాసెట్లు త్యాగరాజ కీర్తనలు. వీటికి చింత లేదు. త్యాగయ్య 1847 జనవరిలో సమాధి అయినారు. కంపెనీ ప్రభుత్వం మన దేశంలో మొట్టమొదటి కాపీరైట్ చట్టం చేసింది కూడా ఆ 1847లోనే. ఆయన మాటలూ ఆయన వరుసలూ వాలాజాపేట వంటి శిష్య పరంపరల ద్వారా మనదాకా వచ్చినాయి. అవి ఎవరైనా పాడుకోవచ్చు, రికార్డు చేసుకోవచ్చు, పంచుకోవచ్చు. హార్మోనియం మీద తాత పాడిన త్యాగరాజ కీర్తనలో వేరే ఎవరి పొరా లేదు.

అన్నమయ్య దగ్గర మేము పొరబడినాము. 1503లో పోయిన వాగ్గేయకారుడు కదా, అంతా అందరిదే అనుకున్నాము. మాటలు అందరివే. తిరుమల రాగిరేకుల మీద సంకీర్తనల మాటలున్నాయి, రాగం పేర్లున్నాయి, పాడే స్వరాలు మాత్రం చాలావాటికి లేవు. పాత వరుసలు మరుగున పడినాయి. ఈనాడు మనం పాడే చాలా వరుసలు ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కొత్తగా కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ కొన్ని కట్టినారు, ఆయన 1979లో పోయినారు. నేదునూరి కృష్ణమూర్తి కొన్ని కట్టినారు, ఆయన 2014లో పోయినారు. గడువు లెక్క వేస్తే మొదటివి 2039 చివరిదాకా, రెండోవి 2074 చివరిదాకా. అయిదు వందల ఏళ్ల మాటల మీద నిన్నటి వరుస కూర్చుని ఉంది. అన్నమయ్య పాటకు ట్రాకు కొని పాడితే దానిమీద ఇంకొక కొత్త పొర. మాట పాతదైనంత మాత్రాన పాట పాతది కాదు. మాకు ఈ పనిలో తెలిసినవాటిలో అందరికీ చెప్పవలసింది ఇదే.

గుడిలో చెల్లుతుంది, ఫోనులో చెల్లదు

మరి ఇన్నేళ్లూ రామాలయంలో ట్రాకు పెట్టి పాడింది తప్పేనా అని అవ్వ భయపడింది. కాదవ్వా అని చెప్పినాము. నిజమైన మత కార్యక్రమంలో పాట పాడినా రికార్డు మోగించినా ఉల్లంఘన కాదని చట్టంలోని 52వ సెక్షన్ చెబుతుంది. పెండ్లి ఊరేగింపూ, పెండ్లికి సంబంధించిన వేడుకలూ అందులోనే చేరుతాయి. టిక్కెట్టు లేని సభలో సరదా పాటగాళ్ల సంఘం పాడుకునేదానికీ అదే సెక్షన్‌లో చోటుంది. అయితే ఆ చోటు మాటలకూ వరుసకే, రికార్డింగుకు కాదు. హార్మోనియంతో పాడితే అందులో ఇమిడిపోతాము. ట్రాకు పెడితే ఒక పొర బయటికి వస్తుంది.

ఈ మినహాయింపులన్నీ ఆ చోటికీ ఆ పూటకే. దాన్ని పట్టి రేపు ఊరంతా చూసేటట్టు పెడితే అది వేరే పని. కాపీ తీయడం ఒకటి, జనానికి అందించడం ఇంకొకటి. ఇంట్లో మనం వినడానికి ఉంచుకునే కాపీకి సొంత వాడకం కింద చట్టం దారి వదిలింది. చిన్నాయన పాట ఇంట్లో పాడినంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. పిల్లలు పంచినప్పుడే చిక్కు వచ్చింది.

పోనీ, చట్టప్రకారమే అనుమతి కొనుక్కొందామా అని కూడా చూసినాము. పాత పాటను కొత్త గొంతుతో రికార్డు చేసి అమ్ముకునేవాళ్లకు కవర్ వెర్షన్ అని ఒక దారి ఉంది. మొదటి రికార్డింగు వచ్చిన ఏడాది గడిచి అయిదేళ్లు కావాలి, ముందుగా తెలియజేయాలి, పైగా ఒక్కొక్క పాటకు ఏడాదికి కనీసం 50,000 కాపీల రాయల్టీ కట్టాలి. చిన్నాయన నవ్వినాడు. "యాభై మంది కూడా చూసుండరు కదరా" అన్నాడు. ఆ నిబంధన క్యాసెట్ వ్యాపారుల కాలాన్ని చూసి పెట్టింది. ఒక ఇల్లు తన పాటను బయటికి పంపే కాలం వస్తుందని ఎవరూ అనుకోలేదు.

అవ్వ పాటలు

పెట్టె అడుగున ఒక క్యాసెట్ మీద తాత చేతిరాతతో "ఇంటి పాటలు, 1998" అని ఉంది. అవ్వ పాడిన హారతి పాటలు, నాట్లు వేసేటప్పటి పాటలు, మనుమలను ఊపిన జోలపాటలు. వీటిని ఎవరు రాసినారో, ఎవరు కట్టినారో లేదు. వాళ్ల అమ్మ పాడింది, వాళ్ల అవ్వ పాడింది. మాటలకూ వరుసకూ హక్కుదారు లేడు.

అయితే ఆ రికార్డింగుకు ఉన్నాడు. టేప్ రికార్డరు పెట్టి, కూర్చోబెట్టి పట్టింది తాత. చట్టం లెక్కలో ఆ రికార్డింగుకు నిర్మాత ఆయనే, ఆయన తరువాత మేము. పాడిన అవ్వకు తన పాట మీద 2048 చివరిదాకా హక్కుంది. ఎవరైనా ఆ గొంతును తీసుకొని ఒక సినిమాలోనో ప్రకటనలోనో అతికిస్తే అడిగే హక్కు మాకూ ఉంది. ఇన్నాళ్లూ మేము ఈ చట్టాన్ని అవతలివాడి గోడ అనుకున్నాము. మా గడపకు కూడా అదే గోడ కాపలా అని ఈ క్యాసెట్ దగ్గర తెలిసింది. అవ్వకు ఈ మాట చెబితే, "నా పాటకు కూడా కాగితమా! పాడుకోనీలేరా, పోయేదేముంది" అనింది. ఆ మాట కూడా మేము రాసిపెట్టుకున్నాము. ఎందుకంటే అనుమతి ఇవ్వగలిగేది హక్కున్నవాళ్లే, ఇచ్చింది అవ్వ.

పేరు చెప్పడం

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను కోసం పాడినప్పుడు, పాట చివర తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవరులో, ఆ గొంతు ఎవరిదో అక్కడివాళ్లకు తెలియాలి కదా. త్యాగయ్య తన పేరును కీర్తన చరణంలోనే అల్లినారు. అన్నమయ్య వేంకటేశుని ముద్ర వేసినారు. తాత "సామల్పట్టి, శ్రీరామనవమి, 1984" అన్నాడు. ఎవరిది, ఎక్కడిది, ఎప్పటిది అని చెప్పడం చట్టం కంటే పాత అలవాటు. చట్టం అడిగే ప్రశ్నలూ చివరికి ఆ మూడే.

అందుకని మేము ఇట్లా చేసినాము. ఇరవై మూడింటినీ, తెగినవాటికి అతుకు వేయించి, కంప్యూటరులోకి ఎక్కించినాము. అది ఇంట్లో ఉండే కాపీ. ప్రతి పాటకూ ఒక కాగితం రాసినాము: మాటలు ఎవరివి, వరుస ఎవరిది, వాయించింది మనిషా ట్రాకా, పాడింది ఎవరు. హార్మోనియంతో పాడిన త్యాగరాజ కీర్తనలూ అవ్వ ఇంటి పాటలూ అందరికీ తెరిచినాము. అన్నమయ్య పాటల్లో వరుస ఎవరిదో తేలినవాటికి అనుమతి అడుగుతా జాబులు రాస్తున్నాము. ట్రాకు మీద తాత పాడిన చివరి నాలుగు క్యాసెట్లు ప్రస్తుతానికి ఇంట్లోనే. సామల్పట్టికి వచ్చినవాళ్లు కూర్చుని వినవచ్చు, కాఫీ కూడా ఇస్తాము.

చిన్నాయన మాత్రం హార్మోనియం బాగు చేయించుకొని వచ్చినాడు. అరవై దాటినాక నేర్చుకుంటా ఉన్నాడు. బెల్లోస్ ఒక చేత్తో, మెట్లు ఒక చేత్తో, రెండూ కలిసేటప్పటికి పాట ఆగిపోతా ఉంది. పోయిన శనివారం భజనలో ఒక త్యాగరాజ కీర్తన పల్లవి దాకా వచ్చినాడు. మొదలుపెట్టే ముందు గొంతు సవరించుకొని, ఊరి పేరూ తేదీ చెప్పినాడు.